శరణార్థులకు, వలస వచ్చినవారికి అండగా నిలవాలనుకుంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవి నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు. ఆశ్రయం కోరి వచ్చిన కుటుంబాలకు తోడుగా కొన్నేళ్లుగా ఆఫీసులకు, ఆసుపత్రులకు, పిల్లల స్కూళ్లకు వెళ్తున్నాను. అడిగేవాళ్లలో చాలామందికి ఏదో ఒకటి చేయాలని ఉంటుంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. కొందరికి అనుమానాలు ఉంటాయి. ఇద్దరికీ సూటిగానే జవాబు చెప్పాను. వరుసగా చదవాల్సిన పనిలేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి వెళ్లిపోవచ్చు.

శరణార్థి, వలసదారు, నిర్వాసితుడు... ఇవన్నీ ఒకటేనా?

కాదు. 1951 జూలైలో జెనీవాలో కుదిరిన శరణార్థుల ఒప్పందం ప్రకారం శరణార్థి అంటే ఎవరో కచ్చితంగా రాసి ఉంది. జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఫలానా సామాజిక వర్గానికి చెందడం, ఈ ఐదింటిలో ఏదో ఒక కారణంగా తనను వేధిస్తారన్న భయం ఉండాలి, ఆ భయానికి ఆధారం ఉండాలి, మనిషి సొంత దేశం బయట ఉండాలి. తనను అలా గుర్తించమని దరఖాస్తు పెట్టుకుని నిర్ణయం కోసం ఎదురుచూస్తున్నవారిని ఆశ్రయం కోరినవారు అంటారు. ఇల్లు వదిలి పారిపోయినా దేశం సరిహద్దు దాటనివారు అంతర్గత నిర్వాసితులు. పని కోసమో, చదువు కోసమో, కుటుంబంతో ఉండటం కోసమో వెళ్లినవారు వలసదారులు. ఏ దేశమూ తన పౌరులని ఒప్పుకోనివారు కూడా ఉన్నారు. వాళ్లకు పాస్‌పోర్టు మాట అలా ఉంచి, చాలాసార్లు పుట్టినట్టు కాగితం కూడా ఉండదు.

పాత తెలుగు పత్రికల్లో ‘కాందిశీకులు’ అని రాసేవారు. ‘కాం దిశం’ అంటే సంస్కృతంలో ‘ఏ దిక్కుకు’ అని. ఏ దిక్కుకు పోవాలో తెలియక పరుగు తీసేవాడు కాందిశీకుడు. చట్టంలోని ఐదు కారణాలకన్నా ఈ ఒక్క మాట ఆ మనిషి స్థితిని బాగా చెబుతుందనిపిస్తుంది నాకు. ఎందుకంటే కాగితం మీద ఉన్నంత స్పష్టంగా గీతలు జీవితంలో ఉండవు. వానల్లేక పంట పోయిన ఏడాదే ఊళ్లోకి సాయుధ ముఠా వచ్చిందనుకోండి. ఆ రైతు ఆకలితో వెళ్లాడా, భయంతో వెళ్లాడా? రెండూ. ఒకే పడవలో శరణార్థి, కూలిపనికి బయల్దేరిన యువకుడు, తల్లిదండ్రులు లేని పిల్ల పక్కపక్కన కూర్చుని ఉంటారు. పడవ మునిగితే ముగ్గురికీ కావాల్సింది పైకి లాగే చేయే.

మొత్తం ఎంతమంది ఉన్నారు? అందరూ ధనిక దేశాలకే వెళ్తున్నారు కదా?

2024 చివరికి బలవంతంగా ఇళ్లు వదిలినవారు ప్రపంచంలో 12 కోట్ల 32 లక్షలమంది అని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్క. భూమ్మీద ప్రతి 67 మందిలో ఒకరన్నమాట. వాళ్లలో 7 కోట్ల 35 లక్షలమంది సొంత దేశం దాటనేలేదు.

దేశం దాటినవారు కూడా ఎక్కువమంది పక్క దేశంలోనే ఆగిపోతారు. ముగ్గురిలో ఇద్దరు పొరుగు దేశాల్లోనే ఉన్నారు. నూటికి 73 మంది పేద, మధ్యాదాయ దేశాల్లో ఉన్నారు. 2017 ఆగస్టు తర్వాత కొద్ది నెలల్లోనే 7 లక్షలమందికి పైగా రోహింగ్యాలు మయన్మార్ నుంచి వెళ్లింది బంగ్లాదేశ్‌కు. యుగాండాలో 15 లక్షలమందికి పైగా శరణార్థులు ఉన్నారు, వాళ్లకు పని చేసుకునే హక్కు ఉంది, సాగుకో ఇంటికో కొంత నేల కూడా ఇస్తారు. ‘మా దేశం నిండిపోయింది’ అని గట్టిగా వినిపించేది చాలాసార్లు తక్కువమంది ఉన్న చోటి నుంచే.

వాళ్లు దొంగదారిన వచ్చారు కదా. చట్టాన్ని మీరినవారికి సాయం ఎందుకు?

ఈ ప్రశ్న అడిగినవారి మీద నాకు కోపం లేదు, విషయం తెలియక అడుగుతారు. చంపుతారని పారిపోయే మనిషి వీసా కోసం లైన్‌లో నిలబడలేడని 1951లో ఆ ఒప్పందం రాసినవారికి తెలుసు. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం ముగిసి పట్టుమని ఆరేళ్లు. కాగితాల్లేక సరిహద్దు దగ్గరే ఆగిపోయి ప్రాణాలు పోగొట్టుకున్నవారి జ్ఞాపకం ఇంకా పచ్చిగానే ఉంది. అందుకే 31వ అధికరణంలో రాశారు: ప్రాణభయం ఉన్న చోటి నుంచి నేరుగా వచ్చి, ఆలస్యం చేయకుండా అధికారుల ముందుకు వెళ్లి కారణం చెప్పుకున్నవారిని అక్రమంగా ప్రవేశించారని శిక్షించకూడదు. 33వ అధికరణం ఇంకా ముఖ్యం. ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పు ఉన్న చోటికి ఎవరినీ తిప్పి పంపకూడదు.

మొదట ఈ ఒప్పందం 1951కి ముందు జరిగిన సంఘటనలకే వర్తించేది. 1967లో చేసిన అనుబంధ ఒప్పందం (ప్రోటోకాల్) ఆ కాలపరిమితిని, యూరప్‌కే పరిమితం చేసే వీలునూ తీసేసింది. జోర్డాన్, లెబనాన్, బంగ్లాదేశ్ లాంటి దేశాలు దీని మీద సంతకం చేయలేదు, అయినా లక్షలమందికి చోటిచ్చాయి. సంతకం చేసి కూడా సముద్రంలోనే పడవలను వెనక్కి నెట్టిన దేశాలూ ఉన్నాయి.

మాట విషయంలో ఒక మనవి. ‘అక్రమ వలసదారు’ అనకండి. పని అక్రమం కావచ్చు, మనిషి కాడు. ‘కాగితాలు లేనివారు’ అంటే సరిపోతుంది.

డబ్బు ఇవ్వాలా, బట్టలూ దుప్పట్లూ ఇవ్వాలా?

దాదాపు ఎప్పుడైనా డబ్బే. ఈ జవాబు చాలామందికి నచ్చదని తెలుసు. చేత్తో ఇచ్చిన దుప్పటిలో ఉన్న తృప్తి బ్యాంకు బదిలీలో ఉండదు.

మొదట్లో నేను కూడా విరాళంగా వచ్చిన బట్టలు వేరు చేసే చోట పనిచేశాను. ఒక శనివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆరుగురం కూర్చున్నాం. ఒక సంచిలో అన్నీ ఎడమకాలి చెప్పులే. ఇంకో దాంట్లో జరీ పట్టు లంగా, దాని కింద తడిసి బూజు పట్టిన స్వెట్టర్లు. ఉతకని పిల్లల బట్టలు. చివరికి పనికొచ్చినవి మూడో వంతు కూడా లేవు. మిగతావి పారేయడానికి బండి మాట్లాడి డబ్బు కట్టాల్సి వచ్చింది. ఆరోజే ఒక తల్లి వచ్చి లోదుస్తులు, శానిటరీ ప్యాడ్లు ఉన్నాయా అని గొంతు తగ్గించి అడిగింది. మా దగ్గర కొండంత బట్టలున్నాయి, ఆమె అడిగింది లేదు.

ఇది మా ఒక్కరి అనుభవం కాదు. 2004 సునామీ తర్వాత ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పాతబట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉన్నాయి. తీరప్రాంతపు ఎండల్లో ఉన్నవారికి ఉన్ని బట్టలు వచ్చాయి. రవాణా ఖర్చు, గోడౌన్ అద్దె, వేరు చేసేవారి సమయం, ఇవన్నీ కలిపితే ఆ డబ్బుతో అక్కడే కొత్తవి కొనొచ్చు. అక్కడి దుకాణదారుకు కూడా నాలుగు డబ్బులు వస్తాయి.

వస్తువులు ఇవ్వడం తప్పని అనడం లేదు. ఏమి కావాలో అడిగి, సంస్థ ఇచ్చిన జాబితా చూసి, అది మాత్రమే, కొత్తది ఇవ్వండి.

చేతికి నగదు ఇస్తే దుబారా చేయరా?

మీ ఇంట్లో ఈ నెల ముందు ఏది కొనాలో మీకన్నా నాకు ఎక్కువ తెలుసా? వాళ్ల విషయం కూడా అంతే. పిల్లాడికి మందులు కావాల్సిన ఇంట్లో మూడో బియ్యం బస్తా అక్కరకు రాదు. అప్పుడు ఆ బస్తాను సగం ధరకు అమ్ముకుని మందులు కొంటారు. నగదు ఇస్తే ఆ నష్టం ఉండదు.

పెద్ద సంస్థలు కూడా ఈ దారికి వచ్చాయి. జోర్డాన్‌లో సిరియా శరణార్థులు కంటిపాప స్కాన్‌తో ఏటీఎం నుంచి సాయం డబ్బు తీసుకునే ఏర్పాటు ఏళ్ల తరబడి నడిచింది. బజారే లేని చోట, సరుకే దొరకని చోట మాత్రం తిండి, నీళ్లు, టార్పాలిన్లు పంపక తప్పదు.

ఏ సంస్థకు ఇవ్వాలో ఎలా తేల్చుకోవాలి?

ఆడిట్ చేసిన లెక్కలు బయట పెడుతున్నారా, అక్కడ ఎంతకాలంగా ఉన్నారు, పనిచేసేవారిలో శరణార్థులు ఎంతమంది ఉన్నారు, సాయం పొందేవారికి అన్యాయం జరిగితే ఫిర్యాదు చేసుకునే దారి ఉందా. ఈ నాలుగూ చూడండి. ఆఫీసు ఖర్చు తక్కువని చూపించుకునే సంస్థే మంచిదని అనుకోవద్దు. జీతం లేని చోట మంచి లాయరు, మంచి నర్సు నిలవరు.

శరణార్థులే నడిపే చిన్న సంస్థలను వెతకమని ప్రత్యేకంగా చెబుతాను. ఏ గుడారంలో గర్భిణి ఉందో, ఎవరు మూడు రోజులుగా బయటికి రావడం లేదో ముందుగా తెలిసేది వాళ్లకే. వాళ్లకు పెద్ద దాతల నుంచి వచ్చేది మాత్రం అతి తక్కువ.

ఒకేసారి పెద్ద మొత్తం ఇవ్వడం కన్నా నెలనెలా కొంచెం ఇవ్వండి. వార్తల్లో ఉన్నప్పుడు డబ్బు పొంగుతుంది, తర్వాత ఎండిపోతుంది. ఆ ఎండిపోవడం అంటే ఏమిటో రోహింగ్యా క్యాంపుల్లో చూశాం. 2023 మొదట్లో మనిషికి నెలకు 12 డాలర్ల తిండి కూపన్ ఇచ్చేవారు. నిధులు లేక మార్చిలో అది 10 అయింది, జూన్‌లో 8 అయింది. అంటే రోజుకు 27 సెంట్లు. పని చేసుకునే అనుమతి లేని మనుషులకు అది. తర్వాత మళ్లీ పెంచారు. కానీ ఆ నెలల్లో పెరగాల్సిన పసిపిల్లల ఎదుగుదల ఆ పెంపు కోసం ఆగదు కదా.

నా దగ్గర డబ్బు లేదు, టైమ్ ఉంది. ఏం చేయగలను?

చాలా చేయగలరు. తోడు వెళ్లడం అన్నిటికన్నా విలువైనదని నా నమ్మకం. కొత్త దేశంలో, రాని భాషలో, ఒక కౌంటర్ ముందు ఒంటరిగా నిలబడటం ఎంత టెన్షనో ఒకసారి ఊహించండి. పక్కన ఇంకో మనిషి ఉంటే చాలు, కౌంటర్ అవతలివారి గొంతు మారిపోతుంది. ఇది నేను కళ్లారా చూసిన మాట.

నేను తోడు వెళ్లిన ఒకామె తన కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దాన్ని ఇంకో కవర్లో చుట్టి, రెండు రబ్బరు బ్యాండ్లు వేసి, కొంగు కింద నడుముకు కట్టుకునేది. సముద్రం దాటేటప్పుడు అలా కట్టుకుందట, ఆ అలవాటు పోలేదు. ఆఫీసర్ ఒక కాగితం అడిగాడు. ముడి విప్పడానికి ఆమె వేళ్లు వణికాయి. క్యూలో వెనకవాళ్లు విసుక్కున్నారు. ఆ రెండు నిమిషాలు నేను చేసిందల్లా పక్కన నిలబడి ‘నెమ్మదిగా తీయండమ్మా, తొందరేం లేదు’ అనడం. తర్వాత ఆ కాగితాలకు నకళ్లు తీయించి, ఒక ఫైల్‌లో వరుసగా పెట్టి, తేదీలు రాసి ఇచ్చాను. గంట పని. కానీ చాలాసార్లు దరఖాస్తులను తిరస్కరించేది తేదీలు కలవకపోవడం లాంటి చిన్న విషయాలకే.

భాష నేర్పడం ఇంకో మంచి పని. పాఠ్యపుస్తకం పక్కన పెట్టి ముందు డాక్టరుతో, స్కూలుతో, ఇంటి యజమానితో మాట్లాడే మాటలు నేర్పండి.

అనువాదం చేయగలిగితే ఇంకా మంచిది. ఇక్కడ ఒక హెచ్చరిక. పిల్లలతో అనువాదం చేయించవద్దు. కొత్త భాష వాళ్లకు ముందు వస్తుంది కాబట్టి అందరూ వాళ్లనే ముందుకు తోస్తారు. ఒకసారి ఆసుపత్రిలో తొమ్మిదేళ్ల బాబు తన తల్లికి డాక్టరు మాట చెప్పాల్సి వచ్చింది. గర్భంలో బిడ్డ గుండె ఆగిపోయిందన్న మాట. ఆ బాబు కాసేపు డాక్టరు వైపు, కాసేపు తల్లి వైపు చూసి, చివరికి ‘అమ్మా, మళ్లీ రేపు రమ్మంటున్నారు’ అని చెప్పాడు. నాకు ఆ భాష ముక్కలు ముక్కలుగా వచ్చు కాబట్టి అర్థమైంది. అప్పటికప్పుడు ఫోన్ మీద పెద్దవారైన అనువాదకురాలిని పట్టుకున్నాం. ఆ బాబును అక్కడి నుంచి బయటికి తీసుకెళ్లి కూర్చోబెట్టాను. ఏమీ మాట్లాడలేదు వాడు.

నేరుగా క్యాంపుకే వెళ్లి సేవ చేయాలని ఉంది. వెళ్లనా?

నర్సు, నీటి ఇంజనీరు, లాయరు, ఆ భాష వచ్చినవారు అయితే, ఒక సంస్థ పిలిస్తే వెళ్లండి. లేకపోతే విమాన టికెట్ డబ్బు అక్కడి మనిషికి జీతంగా వెళ్లడమే మేలు. రెండు వారాలు పిల్లలతో ఆడి వచ్చేయడం మనకు మధురం. అప్పటికే ఎందరో వదిలేసి వెళ్లిన ఆ పిల్లలకు అది ఇంకో విడిపోవడం.

ఫోటోలు తీసి పెడితే నలుగురికీ తెలుస్తుంది కదా?

2015 సెప్టెంబరులో టర్కీ తీరానికి కొట్టుకొచ్చిన సిరియా పసివాడి ఫోటో ప్రపంచాన్ని కదిలించింది. స్వీడన్ రెడ్‌క్రాస్‌కు వచ్చే విరాళాలు ఎన్నో రెట్లు పెరిగాయి. కొద్ది వారాల్లో మళ్లీ పడిపోయాయి. ఫోటోకు శక్తి ఉంది, ఆయుష్షు తక్కువ.

ముఖం కనిపించే ఫోటోతో వచ్చే ప్రమాదానికి మాత్రం ఆయుష్షు ఎక్కువ. వేధించిన ప్రభుత్వమో ముఠాయో ఆ ముఖాన్ని గుర్తుపడితే, వెనక ఊళ్లో ఉండిపోయిన తల్లిదండ్రుల మీద పడతారు. చేతిలో తిండి ప్యాకెట్ పెట్టి ‘ఫోటో తీసుకోవచ్చా’ అని అడిగితే వద్దనే ధైర్యం ఎవరికి ఉంటుంది? అది ఒప్పుకోవడం కాదు. ముందు సాయం చేయండి, ఇంకో రోజు అడగండి, వద్దంటే అక్కడితో ఆపేయండి. పిల్లల ముఖాలు అసలు పెట్టవద్దు. పేరు, ఉన్న చోటు, ప్రయాణించిన దారి, ఈ మూడూ కలిపి ఎప్పుడూ రాయవద్దు. చేతులు, గుడారం గుమ్మం, ఒక కేరేజీ డబ్బా కూడా కథ చెబుతాయి.

సాయం చేయడం బాగానే ఉంది. మళ్లీ ఈ ఉద్యమాలు, రాజకీయాలు ఎందుకు?

చాలాకాలం నేనూ ఇలాగే అనుకున్నాను. తోడు వెళ్లడం, ఫారాలు నింపడం, అంతవరకే నా పని అనుకున్నాను. కొన్నాళ్లకు అవే ఫారాలు, అవే తిరస్కరణలు, అవే కారణాలు. అప్పుడు అర్థమైంది, నేను నీళ్లు తోడుతున్నాను గానీ పడవకు చిల్లు అలాగే ఉంది.

ఒక ఉదాహరణ చూడండి. 2013 అక్టోబరు 3న ఇటలీలోని లాంపెడూసా దీవి దగ్గర పడవ మునిగి కనీసం 368 మంది చనిపోయారు. ఎక్కువమంది ఆఫ్రికాలోని ఎరిత్రియావాళ్లు. ఆ విషాదం తర్వాత ఇటలీ నౌకాదళం ‘మారే నోస్ట్రుమ్’ పేరుతో రక్షణ చర్య మొదలుపెట్టి, ఏడాదిలో లక్షమందికి పైగా కాపాడింది. 2014 చివర్లో దాన్ని ఆపేశారు. ఖర్చు ఎక్కువన్నారు, కాపాడుతుంటే ఇంకా వస్తారన్నారు. పడవలు ఆగలేదు. 2015 ఏప్రిల్‌లో ఒకే పడవలో ఎన్నో వందలమంది మునిగిపోయారు. కాపాడటానికి ఓడలు ఉన్నాయి, నేర్పు ఉంది, సముద్రంలో ఆపదలో ఉన్నవారిని కాపాడాలనే అంతర్జాతీయ చట్టమూ ఉంది. లేనిది నిర్ణయం ఒక్కటే. అది దుప్పట్లు పంచితే రాదు, అడిగితేనే వస్తుంది.

అడిగితే వచ్చిన సందర్భాలు ఉన్నాయి. 2018లో అమెరికా సరిహద్దులో వేలమంది పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరు చేశారు. జనం వీధుల్లోకి వచ్చారు, డాక్టర్లు మాట్లాడారు, లాయర్లు కోర్టుకెక్కారు. జూన్ నెలలోనే ఆ విధానాన్ని ఆపుతూ ఉత్తర్వు వచ్చింది, కొద్ది రోజులకే పిల్లలను కలపాలని కోర్టు ఆదేశించింది. కలపడానికి మాత్రం ఏళ్లు పట్టింది, ఎందుకంటే ఎవరి బిడ్డ ఎక్కడ ఉందో సరిగ్గా రాసిపెట్టుకోలేదు.

గెలిచింది మళ్లీ చేజారడమూ ఉంది. పడవల్లో ఆశ్రయం కోరి వచ్చినవారిని ఆస్ట్రేలియా తన నేల మీద కాకుండా నౌరు, మానుస్ దీవుల్లో ఉంచింది. వాళ్లలో రోగులను చికిత్స కోసం ఆస్ట్రేలియాకు తీసుకురావాలని 2019 ఫిబ్రవరిలో అక్కడి పార్లమెంటు చట్టం చేసింది, అదే డిసెంబరులో రద్దు చేసింది. ఇంకోవైపు 2022 మార్చిలో యుక్రెయిన్ నుంచి వచ్చినవారి కోసం యూరోపియన్ యూనియన్ తాత్కాలిక రక్షణ నియమాన్ని రోజుల్లో అమల్లోకి తెచ్చింది. ఆ నియమం 2001 నుంచి పుస్తకంలో ఉంది, అప్పటిదాకా ఒక్కసారీ వాడలేదు. ఉండే హక్కు, పని, స్కూలు, వైద్యం, అన్నీ వెంటనే. తలుచుకుంటే ఎంత తేలికో అప్పుడు చూశాం. సిరియావాళ్లకు, అఫ్గానులకు ఎందుకు కాలేదు అన్న ప్రశ్న నన్ను ఇంకా వదలలేదు.

ఒక జాగ్రత్త మాత్రం పాటించండి. యుద్ధభూమిలో పనిచేసే సాయం సంస్థలు ఏ పక్షమూ తీసుకోకూడదు, లేకపోతే వాళ్లను లోపలికి రానివ్వరు. వాళ్లను నినాదాలు ఇవ్వమని ఒత్తిడి చేయకండి. బయట సురక్షితంగా ఉన్న మనం మాట్లాడటానికి ఆ అడ్డు లేదు.

నా ప్రజాప్రతినిధికి లేఖ రాస్తే చదువుతారా?

ఒకే మూసలో వచ్చిన వెయ్యి ఈమెయిళ్లను సిబ్బంది లెక్కపెట్టి వదిలేస్తారు. సొంత మాటల్లో రాసినది చదువుతారు. ఒకే విషయం, ఒకే కోరిక ఉండాలి. ‘శరణార్థులను ఆదుకోండి’ అని రాస్తే వాళ్లు చేయగలిగింది ఏమీ లేదు. ‘నిర్ణయం కోసం ఎదురుచూసేవారికి ఆరు నెలల్లో పని అనుమతి ఇచ్చే ప్రతిపాదనకు ఓటు వేయండి’ అంటే జవాబు చెప్పి తీరాలి. బ్రిటన్‌లో ఆశ్రయం కోరినవారు పని అనుమతి అడగాలంటే 12 నెలలు ఆగాలి, అప్పుడు కూడా పరిమితమైన ఉద్యోగాలకే. ఇలాంటి ఒక్క గడువు మారితే వేల ఇళ్లలో పొయ్యి వెలుగుతుంది.

రాసే ముందు, సభ పెట్టే ముందు, శరణార్థులనే అడగండి. మనం పెద్దదనుకున్నది వాళ్లకు మొదటిది కాకపోవచ్చు. మైకు వాళ్లకివ్వండి, కానీ ప్రతిసారీ గాయం విప్పి చూపించమనకండి. వాళ్లకు చట్టం మీద, స్కూలు మీద, నగరం మీద కూడా అభిప్రాయాలుంటాయి.

సాయం చేస్తే నా మీద కేసు పడుతుందా?

దేశాన్ని బట్టి, చేసే పనిని బట్టి. తిండి, బట్ట, భాష, సలహా, తోడు, వీటికి చాలా చోట్ల ఇబ్బంది లేదు. సరిహద్దు దాటించడం, వాహనంలో తీసుకెళ్లడం, దాచడం అయితే ముందు లాయరును అడిగి తీరాలి.

ఫ్రాన్స్‌లో ఆలివ్ రైతు సెడ్రిక్ హెర్రూ ఇటలీ సరిహద్దు దాటి వచ్చినవారికి ఆశ్రయమిచ్చినందుకు కోర్టుల చుట్టూ తిరిగాడు. 2018 జూలైలో అక్కడి రాజ్యాంగ మండలి, సోదరభావం రాజ్యాంగ విలువ అని, ఆ దేశంలో ఉన్న మనిషికి కాగితాలతో నిమిత్తం లేకుండా మానవత్వంతో సాయం చేసే స్వేచ్ఛ దాని నుంచే వస్తుందని తేల్చింది. అమెరికాలో అరిజోనా ఎడారిలో దాహంతో చనిపోతున్నవారి కోసం నీళ్లు పెట్టే బృందానికి చెందిన స్కాట్ వారెన్‌ను 2018లో ఇద్దరు వలసదారులకు ఆశ్రయమిచ్చాడని అరెస్టు చేశారు. మొదటి జ్యూరీ ఏమీ తేల్చలేకపోయింది. 2019 నవంబరులో రెండో జ్యూరీ నిర్దోషి అన్నది. ఇద్దరూ బయటపడ్డారు, కానీ ఆ మధ్యలో ఏళ్లు పోయాయి. వాళ్ల వెనక లాయర్లు, తోటివారు ఉన్నారు. ఒంటరిగా ఇలాంటి పనికి దిగవద్దు.

మీకే కాదు, వాళ్లకూ ప్రమాదం ఉంది. సగం తెలిసి ఇచ్చే చట్ట సలహా ఒక కుటుంబాన్ని వెనక్కి పంపించగలదు. ‘నాకు తెలియదు, తెలిసినవారి దగ్గరికి తీసుకెళ్తాను’ అనడం నేర్చుకోండి.

ఇక్కడే బోలెడు పేదరికం ఉంది. ముందు వీళ్లను చూడొద్దా?

చూడాలి. నాకు తెలిసినంతలో ఈ ప్రశ్న అడిగి ఊరుకునేవారికన్నా, శరణార్థుల కోసం పనిచేసేవారే ఇక్కడి పేదల కోసమూ పరిగెడుతుంటారు. అద్దె ఇళ్లు దొరకకపోవడం, ఆసుపత్రిలో మంచాలు చాలకపోవడం నిజమైన సమస్యలు, వాటిని కొత్తగా వచ్చినవారు పుట్టించలేదు. అందుకే క్యాంపు పక్కన ఉన్న ఊరికి కూడా అదే బోరు నీళ్లు, అదే క్లినిక్ అందేలా సాయం ఉండాలి. అలా చేయని చోట గొడవలు వచ్చాయి, తప్పు ఊరివాళ్లదని నేననను.

పనికోసం వెళ్లిన వలస కూలీలు కూడా దీని కిందికి వస్తారా?

తప్పకుండా. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంటే ఆ మనిషి ఎటూ కదల్లేడు. గల్ఫ్ దేశాల్లో కనిపించే కఫాలా పద్ధతిలో వీసా యజమానికి ముడిపడి ఉంటుంది. జీతం ఎగ్గొట్టినా, కొట్టినా, ఆ చోటు వదిలితే ‘పారిపోయాడు’ అని కేసు పడే ప్రమాదం. ఖతార్ 2020లో యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలు కల్పించింది. కాగితం మీది మార్పు పనిచోటికి ఎంత చేరిందో అడుగుతూనే ఉండాలి. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లను గోడల వెనక ఎవరూ చూడరు కాబట్టి వాళ్ల సంగతి మరీ కష్టం.

వెళ్లబోయేవారు తెలిస్తే ఈ మాట చెప్పండి: పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు ఫోటోలు తీసి ఇంట్లో ఒకరి దగ్గర పెట్టాలి, రాయబార కార్యాలయం నంబరు నోటికి రావాలి.

కుటుంబం దారిలో విడిపోయింది. ఎక్కడ వెతకాలి?

రెడ్‌క్రాస్, రెడ్ క్రెసెంట్ సంఘాలు దేశదేశాల్లో ఈ పని ఉచితంగా చేస్తాయి. దగ్గర్లోని శాఖకు వెళ్లి ‘కుటుంబ సభ్యులను వెతకడం’ అని అడగండి. వెతికేవారి ఫోటో మాత్రమే పెట్టి, పేరు పెట్టకుండా చూపే వెబ్‌సైట్ కూడా వాళ్లకు ఉంది. ‘వెతికి పెడతాం, డబ్బు పంపండి’ అని ఫోన్ చేసేవారిని నమ్మవద్దు.

వాళ్ల కథలు విన్నాక నాకు నిద్ర పట్టడం లేదు. ఇది మామూలేనా?

మామూలే. ఎవరితోనైనా మాట్లాడండి, పేర్లు చెప్పకుండా. వారంలో ఒక రోజు ఫోన్ ఆపేయండి. ఇంకొకటి, ఏం జరిగిందో మీరు అడగనక్కరలేదు. చెప్పాలనుకుంటే వాళ్లే చెబుతారు. ఆసక్తితో అడిగిన ప్రశ్న వాళ్లను మళ్లీ అదే రాత్రిలోకి తీసుకెళుతుంది.

ఎంతకాలం చేయాలి?

జోర్డాన్‌లో సిరియా శరణార్థుల కోసం జాతరీ క్యాంపును 2012 జూలైలో తెరిచినప్పుడు కొద్దికాలం పని అనుకున్నవారు ఉన్నారు. కెన్యాలోని దాదాబ్ క్యాంపులు 1990ల మొదట్లోవి, అక్కడే పుట్టి తల్లిదండ్రులైనవారు ఉన్నారు. వేరే దేశంలో శాశ్వతంగా స్థిరపడే అవకాశం ఏటా నూటికి ఒక్కరికన్నా తక్కువమందికే వస్తుంది. కెనడాలో 1979లో మామూలు మనుషులు బృందంగా కలిసి ఒక కుటుంబాన్ని ఏడాది పాటు చూసుకుంటామని పూచీ ఇచ్చే పద్ధతి మొదలైంది. అలా 3 లక్షలమందికి పైగా వచ్చారు. మీ దేశంలో అలాంటిది ఉందేమో కనుక్కోండి, లేకపోతే అడగడానికి అదొక మంచి కోరిక.

మీ సంగతికి వస్తే, చేయగలిగినంతకే మాట ఇవ్వండి. ‘ప్రతి మంగళవారం రెండు గంటలు, ఆరు నెలలు’ అని చెప్పి అంతే చేయండి. ‘ఏం కావాలన్నా ఎప్పుడైనా ఫోన్ చేయండి’ అని మూడో నెలలో ఫోన్ ఎత్తకపోవడం ఎంత బాధ పెడుతుందో నేను చూశాను. మానేయాల్సి వస్తే కనీసం నెల ముందు చెప్పండి. మీ చోట్లోకి వచ్చేవారిని మీరే వెంటబెట్టుకెళ్లి పరిచయం చేయండి. ఆ కుటుంబం సరేనంటే ఫైల్ నకళ్లు, తర్వాతి అపాయింట్‌మెంట్ తేదీ, ఏ ఆఫీసులో ఎవరితో మాట్లాడారో రాసిన కాగితం వాళ్ల చేతిలో పెట్టండి.